ఆ రోజు గాలి అయిదే

కల్దబక్కి,
14 ఫిబ్రవరి 1952

ఒసే స్వావా,

పేపర్లో మన పేరు చూసే ఉంటావు. "కల్దబక్కి రైతు ఎయ్వింద్ తొమ్మిది మందిని కాపాడెను" అని వేశారట. నువ్వు ఫోను చేస్తావేమో అనుకున్నాను. చెయ్యకపోవడమే మంచిదయింది. మన లైను మీద పదమూడు ఇళ్ళు. నువ్వు "అక్కా" అనేలోపు అందరూ ఫోనెత్తి ఊపిరి బిగపట్టుకుంటారు. జనవరి నుంచి మన ఇల్లంటే లైనులో నవ్వు కూడా ఎక్కువైంది. ఆ సంగతి ఇంకోసారి. అందుకే ఉత్తరం.

సోమవారం ఒంటిగంట దాటింది. బంగాళాదుంపలు తింటున్నాం. ఇంటి మీదుగా ఏదో ఏడ్చుకుంటూ పోయింది. తర్వాత పైపొలం వైపు పెద్ద చప్పుడు. నాన్న చెంచా దించి, "కొట్టం పైకప్పు పోయినట్టుంది" అన్నాడు. పోయింది పైకప్పు కాదు. రాజధాని నుంచి వస్తున్న విమానం గడ్డిపొలం మీద పొట్టతో జారి, కంచె తెంపుకుని, ముక్కు తీసుకెళ్ళి మన పై కొట్టంలో పెట్టింది.

నాన్న గడ్డి మోపుల తాడు తీసి నడుముకి కట్టుకున్నాడు. రెండో కొస నాకిచ్చాడు. కంచె తీగని ఎడమ చేత్తో పట్టుకుని నడిచాడు. నా చెయ్యి నాకే కనపడని మంచులో రెండు విడతలుగా తొమ్మిది మందినీ తెచ్చాం. కొట్టంలో ఏడు గొర్రెలు పోయాయి. పొట్టేలు మాత్రం పగిలిన గోడలోంచి విమానం ఎక్కి సీట్ల మధ్య నిలబడి ఉంది. టిక్కెట్టు అడిగేవాళ్ళు లేరు కదా.

విమానంలో రేడియో పని చూసే ఆట్లి కాలు ఇనుము కింద పడింది. డాక్టరు స్కీల మీద రెండో రోజుకి వచ్చాడు. పాదం ఉంచడం కుదరదన్నాడు. వంటింటి బల్ల మీదే కానిచ్చాడు. దాని గురించి రాయను. బల్లని సున్నం వేసి కడిగాను.

మిగిలినవాళ్ళు బాగానే ఉన్నారు, బాగానే తింటున్నారు. ఓడ వచ్చేదాకా మన దగ్గరే. ఎరువుల ఏజెంటు నీ మంచం మీద పడుకుంటున్నాడు. పాస్టరు గారి భార్య నాన్న మంచం మీద. నాన్న పొయ్యి పక్కన. పైలట్ పేరు ఇంగ్వి. మీ రాజధాని సరుకు. కుడి చేతి రెండు వేళ్ళు మంచుకి నల్లబడ్డాయి, ఎడమ చేత్తో జుట్టు దువ్వుకుంటాడు. అదీ చెంచాలో మొహం చూసుకుంటూ. గోడ మీద నీ ఫోటో చూసి, "ఎవరండీ ఈ అమ్మాయి?" అని అడిగాడు, మరీ అమాయకంగా. "మా చెల్లెలు. ఆ పళ్ళు ఇప్పుడు సర్దుకున్నాయిలెండి" అన్నాను.

రెండో రోజు హోల్ట్ నుంచి గ్రీముర్ బాబాయి ఫోను చేశాడు. సముద్రపు పాయకి అవతల ఉన్నా అన్నిటికంటే ముందు ఆయన ఫోనే మోగుతుంది.

"ఏరా ఎయ్వింద్, మీ ఇంటి మీద విమానం పడిందటగా. గాలి ఎంతంటావ్?"

"అయిదు" అన్నాడు నాన్న.

"నేనైతే నాలుగనుకున్నాను" అన్నాడు బాబాయి.

గాలి కొలిచి రోజూ రాజధానికి ఫోనులో చెప్పమని ప్రభుత్వం ఇచ్చిన కాగితం గుర్తుందా? సున్నా నుంచి పన్నెండు దాకా. అయిదంటే చిన్న చెట్లు ఊగుతాయి, తొమ్మిదంటే పొగగొట్టాలు ఎగిరిపోతాయి అని ఉంటుంది. మన దగ్గర చెట్టు లేదు. పొగగొట్టం ఉండేది, సోమవారం దాకా.

రాన్వేగ్


రేక్యావిక్,
23 ఫిబ్రవరి

అక్కా,

నా మంచం మీద ఎరువులా? దుప్పటి ఉడకబెట్టు.

ఇక అసలు సంగతి. నేను టైపు కొట్టేది విమానాల శాఖ ఆఫీసులో అని నీకు తెలుసు. విచారణ కాగితాలన్నీ నా మిషను మీదుగానే పోతున్నాయి. ఇది ఎవరికీ చెప్పకు, ఫోనులో అసలే వద్దు.

పదకొండు గంటలకి మన ఇంటి నుంచి గాలి అయిదు అని వచ్చింది. ఆ అంకె చూసుకునే పదకొండు నలభైకి విమానాన్ని వదిలారు. పైలట్ మాత్రం, అక్కడికి వచ్చేసరికి గాలి తొమ్మిదికి తక్కువ లేదంటున్నాడు. రెండు గంటల్లో గాలి పెరగకూడదా అని ఎవరైనా అడగొచ్చు. కానీ మధ్యాహ్నం రెండింటికి కూడా మన పుస్తకంలో అయిదే ఉంది. విమానం మన కొట్టంలో ముక్కు పెట్టి ఉంది, నాన్న అప్పుడూ అయిదే రాశాడు. ముప్ఫయ్యొక్కేళ్ళుగా తప్పు రాయని మనిషి పుస్తకం కనక, కమిటీ వాళ్ళు అయిదే నమ్ముతారు. అయిదు గాలిలో విమానం పడేసినవాడి లైసెన్సు పీకేస్తారు. ఇక జన్మలో ఎగరడు.

ఏప్రిల్ పదహారున జిల్లా అధికారి మన ఇంటికి వచ్చి నాన్న వాంగ్మూలం రాసుకుంటాడు. అప్పటికి ఆయన చేత నిజం చెప్పించు. నాన్న సంగతి మనకి తెలీదా. పాయలో ఎవరూ గాలిని గాలి అనరు. కప్పు ఎగిరిపోతే 'కాస్త చల్లగాలి' అంటారు. వాళ్ళ మగతనం వాళ్ళది, మధ్యలో ఒకడి అన్నం పోతోంది.

పైలట్ వేళ్ళు ఎలా ఉన్నాయి? కదులుతున్నాయా? కాఫీలో చక్కెర ఎక్కువ వేసుకోనివ్వకు, పళ్ళ నొప్పి వస్తుంది. ఈ వివరాలు ఆఫీసుకి కావాలి.

స్వావ


కల్దబక్కి,
3 మార్చి

స్వావా,

పైలట్ పళ్ళ గురించి ప్రభుత్వానికి ఇంత బెంగ ఉందని నాకు తెలీదు. రాసుకోమను: పళ్ళు ముప్ఫయి రెండూ ఉన్నాయి, వాడకంలో ఉన్నాయి.

ఓడ ఇరవై రెండున వచ్చి అందర్నీ తీసుకెళ్ళింది. పదకొండు రోజులున్నారు. రెండు పీపాల ఎండు చేప, సగం బస్తా కాఫీ గింజలు. పాస్టరు గారి భార్య రోజూ ఒక ప్రార్థన, ఎరువుల ఏజెంటు రోజూ ఒక ఉపన్యాసం. మీ ఇంగ్వికి కాల్చిన గొర్రె తలకాయ పెడితే అంతా తిని కన్ను మాత్రం పళ్ళెం అంచున పెట్టాడు. అది తననే చూస్తోందన్నాడు. నాన్న చెయ్యి చాపి తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

ఊరికే కూర్చోలేక మేజోళ్ళు అల్లడం నేర్చుకున్నాడు, ఎనిమిది వేళ్ళతో. మొదటిది ఆట్లికి ఇచ్చాడు. "రెండోది రేపటికల్లా అల్లేస్తాను" అన్నాడు. ఆట్లి దుప్పటి వైపు చూసుకుని, "తొందరేం లేదులే" అన్నాడు. ముందు నవ్వింది ఆట్లే. తర్వాత ఇంగ్వి బయటికి వెళ్ళి చాలాసేపు మంచు ఊడ్చాడు, ఊడ్చిన చోటే మళ్ళీ.

నాన్నని అడిగాను. ఇదిగో, మాట మాటగా రాస్తున్నాను.

"నాన్నా, ఆ రోజు తుఫానే కదా?"

"తుఫానంటే మా నాన్న పోయిన రోజు వచ్చింది."

"అది ఎంత?"

"బయటికెళ్తూ ఎనిమిది అన్నాడు."

"తిరిగొచ్చాక?"

"తిరిగి రాలేదు."

దీంతో ఏం వాదిస్తావు నువ్వు? పుస్తకంలో ఏదుందో అదే వాంగ్మూలం అంటాడు. కదిలేలా లేడు. నన్ను విసిగించకు, నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. ఈ మధ్య కొట్టానికి వెళ్ళేటప్పుడు నా భుజం పట్టుకుంటున్నాడు, మంచు జారుడుగా ఉందని.

రాన్వేగ్


రేక్యావిక్,
13 మార్చి

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చెంచా, గొర్రె కన్ను, మేజోళ్ళు. ఒక మనిషి బతుకు పోతుంటే నీకు వేళాకోళం. ఆయన జుట్టు దువ్వుకునేది షోకుకి కాదు. నుదుటి మీద కుడివైపు మచ్చ ఉంది, చిన్నప్పుడు గుర్రం తన్నింది, దాన్ని కప్పుకోవడానికి. మన ఇంట్లో అద్దమనేది ఉంటే కదా చెంచా వాడకపోవడానికి.

సరే. నాన్న మాటతో కదలడు కనక ఇంకో దారి పట్టాను. ప్రాణరక్షణ సంఘం వాళ్ళు ఏటా సాహస పతకం ఇస్తారు. నాన్న పేరు పంపాను. వాళ్ళు ఎగిరి గంతేశారు. ప్రశంసా పత్రం కూడా నేనే టైపు కొట్టాను, వాళ్ళ గుమాస్తాకి భాష సరిగా రాదు కనక. అందులో ఇలా ఉంది: "తొమ్మిదవ అంకె తుఫానులో, అరవై ఎనిమిదేళ్ళ వయసులో". నాన్న పతకం పుచ్చుకుంటే తుఫాను కూడా పుచ్చుకున్నట్టే. సంతకం పెట్టిన కాగితాన్ని కమిటీకి నేనే మోసుకెళ్తాను.

ఎలా ఉంది? నీ చెల్లెలికి వచ్చింది టైపు కొట్టడమొక్కటే కాదు.

స్వావ


కల్దబక్కి,
25 మార్చి

స్వావా,

పతకం కాగితం వచ్చింది. నాన్న చదివి వినిపించమన్నాడు. తొమ్మిది దగ్గర చెయ్యెత్తాడు. "మళ్ళీ చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. "ఇది మన స్వావ మిషను. దానికి తొమ్మిది నొక్కేటప్పుడు వేలు జారుతుంది" అన్నాడు. ఎలా కనిపెట్టాడో నన్నడక్కు.

ఈలోగా పోస్టు తెచ్చినవాడు సంగతి లైనులో పెట్టేశాడు. గ్రీముర్ బాబాయి ఫోను.

"ఏరా, గాలి తగిలినందుకు పతకం ఇస్తున్నారటగా. మా ఆవిడ నిన్న బట్టలారేసింది, దానికీ ఒకటి రాయించు."

నాన్న నా చేత జవాబు రాయించాడు. మొత్తం జవాబు ఇదే: "అయిదు గాలికి పతకం ఉండదు. తాడుకి ఇవ్వండి. ఎయ్వింద్."

కనక నీ తెలివి అయిపోయింది. ఇప్పుడు నా వంతు. నుదుటి మచ్చ సంగతి నేను నీకు రాయలేదు. పదకొండు రోజులు ఈ ఇంట్లో తిన్న మనిషి నుదుటి మీద మచ్చ ఉందని నాకే తెలీదు. గుర్రం తన్నినట్టు ఆఫీసు కాగితాల్లో ఉందా? జుట్టు తీసి చూసే పని కూడా నీ ఉద్యోగంలో భాగమా? నీ ఫోటో ముందు ఆయన నిలబడ్డ తీరు నాకిప్పుడు గుర్తొస్తోంది. రోజుకి ఆరుసార్లు ఆ గోడ మీద గడియారం లేదా అని వెతికేవాడు. గడియారం ఎదుటి గోడకుంది.

చెప్పు. తిట్టను. ముందు చెప్పు, తిట్టేది తర్వాత చూద్దాం.

రాన్వేగ్


రేక్యావిక్,
2 ఏప్రిల్

అక్కా,

అవును. అక్టోబరు నుంచి. ఉంగరం కూడా ఉంది, పెట్టెలో దాచుకున్నాను. వేసవిలో ఇద్దరం వచ్చి చెబుదామనుకున్నాం. నాన్న ముందు ఎలా నిలబడాలి, ఏ కుర్చీలో కూర్చోకూడదు అన్నీ నేర్పుతున్నాను. ఇంతలో తనే విమానంతో సహా వచ్చి కొట్టంలో పడ్డాడు. విమానం మనింటి మీద పడిందని విన్నప్పుడు ఎవరి గురించి భయపడాలో కూడా తెలీలేదు. ఆఫీసు స్నానాల గదిలో కూర్చున్నాను, మేనేజరు వచ్చి తలుపు కొట్టేదాకా.

ఆయన మీ దగ్గర నోరు విప్పలేదంటే నేను చెప్పొద్దన్నందుకే. నవ్వుకో, పరవాలేదు. కానీ ఇది విను.

నిన్న ఇంగ్వి కమిటీకి ఒక కాగితం ఇచ్చాడు. అందులో తప్పు తనదే అని ఉంది. గాలి అంకె మీద తను వాదించడట. ఏం శిక్ష వేసినా పడతాడట. నేను ఆ కాగితం టైపు కొట్టనని చేతులు కట్టుకుని కూర్చున్నాను. పక్కమ్మాయి కొట్టింది.

ఎందుకిలా చేశావని అడిగాను. అరిచాను. గిన్నె కూడా ఒకటి విసిరాను, తగల్లేదు. ఆయన అన్నది ఒకటే: "ఆ ఇంట్లో పదకొండు రోజులు అన్నం తిన్నాను స్వావా. ఇంక అడక్కు."

ఎగరడం తప్ప ఆయనకి ఇంకో పని రాదు. ఇక పదిహేను రోజుల్లో అదీ ఉండదు.

ఆ ఇంట్లో ఆయనేం చూశాడు అక్కా?

స్వావ


కల్దబక్కి,
10 ఏప్రిల్

స్వావా,

నన్ను చూశాడు.

నాన్నకి రెండేళ్ళుగా కళ్ళు కనపడవు. శుక్లాలు. వెలుతురూ చీకటీ తెలుస్తాయి, అంతే. నీకు రాయొద్దన్నాడు, రాయలేదు. పొద్దున ఎనిమిదికి, పదకొండుకి, మధ్యాహ్నం రెండుకి, అయిదుకి బయటికెళ్ళి చూసేది నేను. పుస్తకంలో ఆయన అంకెల్లాగే వంకరగా రాసేది నేను. ఫోనులో చెప్పేది నేను. 'నాన్నకి గొంతు బాగాలేదు' అని మొదలుపెట్టాను. రెండేళ్ళుగా బాగుపడని గొంతు గురించి రాజధానిలో ఎవరూ అడగలేదు. తెలిస్తే పని తీసేస్తారు. గాలి కొలిచే ఇల్లు అన్న పేరొక్కటే ఆయన్ని మంచం మీంచి లేపుతోంది. ఇంగ్వికి ఇదంతా మొదటి రోజే అర్థమైంది. నేను మంచు దులుపుకుని వచ్చి ఫోనెత్తినప్పుడల్లా తల దించుకుని మేజోడు అల్లుకునేవాడు.

ఆ రోజు నాన్న తీగ పట్టుకుని నడిచాడని రాశాను కదా. ఆ మంచులో కళ్ళున్నవాడికీ లేనివాడికీ తేడా లేదు. కళ్ళతో నడవాలని చూసి ఉంటే నేనే దారి తప్పేదాన్ని.

ఇక అయిదు సంగతి. జనవరిలో ఒకసారి నాన్నకి జ్వరం. నేనే చూశానని లైనులో చెప్పేశాను. ఎనిమిది అన్నాను, ఎనిమిదే ఉంది. విమానం మానేశారు. గంటలో గాలి మొత్తం పడిపోయింది, పాయ నీళ్ళలో కొండ కనపడింది. ఆ సాయంత్రానికి లైనులో పద్యం:

కల్దబక్కి రాన్వేగ్ కాఫీ ఊదింది
కనుమల్లో తుఫాను రేగిందంది
విమానం జడిసి గూట్లో కూచుంది
విన్నవాడి నవ్వు పాయ దాటింది

నెల రోజులు పాడారు. దుకాణంలో పిల్లలు కూడా. నేను ఫోనెత్తితే చాలు, ఎవరో ఒకరు కప్పు ఊదినట్టు చప్పుడు చేసేవాళ్ళు.

ఫిబ్రవరి పదకొండున తలుపు తీస్తే తలుపు నా చేతిలోంచి పోయింది. కొట్టం కనపడలేదు. తొమ్మిది అని నాకు తెలుసు. లోపలికొచ్చి ఫోనెత్తాను. అవతల టిక్కు టిక్కుమని ఫోన్లు లేస్తున్నాయి. ఎవరో ఊదారు. 'అయిదు' అన్నాను. ఆ అంకె చెప్పి వెళ్ళి బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టాను. విమానం గురించి ఆలోచించలేదు. అది నిజం. రెండింటికి మళ్ళీ అయిదు రాశాను, మొదటిదానికి సరిపోవాలి కదా.

ఇన్నాళ్ళూ నాన్న మొండితనం అని నీకు రాసి తప్పించుకున్నాను. నీ ఉత్తరం వచ్చాక ఆయనకి చెప్పాను, నేను నిజం చెప్పేస్తానని. "చెప్పింది అయిదు, రాసింది అయిదు. ఇంటికి ఒకటే అంకె ఉండాలి" అన్నాడు. "అలాగైతే ఇంగ్వి పోతాడు నాన్నా, వాడు మన స్వావ మనిషి" అన్నాను. తడిమి ఉన్ని దువ్వెన అందుకున్నాడు. తర్వాత, "గొర్రె కన్ను తినని మనిషా?" అన్నాడు. అంతే.

నిన్న పదకొండింటికి అంకె చెప్పాను. మూడు. పెట్టెయ్యలేదు. "వాతావరణం వాళ్ళ పెద్దాయనకి కలుపమ్మా" అన్నాను ఎక్స్‌ఛేంజి అమ్మాయితో. "ఎవరూ ఫోను దించకండి. ఇవాళ దొంగచాటుగా వినక్కర్లేదు" అన్నాను లైనులో వాళ్ళతో.

అక్కడే తప్పు చేశాను. మన లైనులో ఎంతమంది ఫోనెత్తితే గొంతు అంత సన్నబడుతుంది కదా. పదమూడు ఇళ్ళూ ఎత్తాయి.

"ఫిబ్రవరి పదకొండున చూసింది మా నాన్న కాదు, నేను" అన్నాను.

"ఏమిటి? వినపడట్లేదు" అన్నాడు రాజధాని పెద్దాయన.

"నేను చూశాను! తొమ్మిది ఉంది! అయిదని అబద్ధం చెప్పాను!" అని అరిచాను. కుక్క మంచం కిందికి దూరింది.

"అయిదు కిలోలా? ఏమిటవి?"

మూడోసారి అరవబోతుంటే గ్రీముర్ బాబాయి గొంతు. "పెట్టెయ్యండర్రా! అమ్మాయి మాట రాజధానికి చేరట్లేదు. ఫోన్లు దించండి. సిగ్గులేదూ? స్కార్ద్ ఇంటివాళ్ళూ, మీక్కూడా చెప్తున్నాను."

ఒక టిక్కు. మళ్ళీ ఒకటి. నేను లెక్కపెట్టాను, పదకొండు టిక్కులు. ఒక్కొక్కరు దించినకొద్దీ నా గొంతు నాకే పెద్దదవుతూ వచ్చింది. చివరికి బాబాయి, "నేనూ పెట్టేస్తున్నానమ్మా" అని పన్నెండోది దించాడు. ఈ పాయలో నా మాట ఎవరూ వినకుండా మాట్లాడటం అదే మొదటిసారి. మామూలు గొంతుతో అంతా చెప్పాను. నాన్న కళ్ళ సంగతి కూడా. పెద్దాయన రాసుకున్నాడు. మళ్ళీ చదివి వినిపించాడు. తప్పుల్లేవు.

నాన్న పొయ్యి దగ్గర కూర్చుని అంతా విన్నాడు. అన్నానికి లేవలేదు.

రాన్వేగ్


రేక్యావిక్,
30 ఏప్రిల్

అక్కా,

కమిటీ తీర్పు కాగితం ఇవాళే కొట్టాను. ఈసారి నేనే. లైసెన్సు పోలేదు. కొండ మీద అంత కిందికి దిగడం తప్పే కనక వేసవంతా నేల మీదే పని, శీతాకాలం నుంచి సరుకుల విమానంలో రెండో కుర్చీ. ఇంగ్వి అంతా విన్నాడు. బయటికెళ్ళి ఆఫీసు మెట్లు ఊడ్చాడు. ఇక్కడ మంచు కరిగి నెలయింది.

నీ మీద కేసు లేదు. గట్టిగా మందలిస్తూ ఒక ఉత్తరం వస్తుంది. అందులో మూడో పేరా మరీ కటువుగా ఉంది, నేనే మెత్తబరచబోయాను, తర్వాత వద్దనిపించి వదిలేశాను. గాలి కొలిచే పని జూన్ ఒకటి నుంచి హోల్ట్‌కి మారుస్తున్నారు. నీకివ్వమని అడిగాను. అబద్ధం చెప్పిన ఇంటికి మళ్ళీ ఇవ్వరట. అదీ న్యాయమే అనుకుంటాను, అనుకోవడానికి రెండు రోజులు పట్టింది.

ఆట్లి ఆఫీసుకి వచ్చాడు, కర్రల మీద. నీ అడ్రసు తీసుకున్నాడు. ఉత్తరం రాస్తాడట. తిట్టడానికో మరి దేనికో చెప్పలేదు. ఏది రాసినా నువ్వు చివరిదాకా చదవాలి.

నాన్న లేస్తున్నాడా?

స్వావ


కల్దబక్కి,
18 మే

స్వావకి,

మీ నాన్న చెబుతుంటే రాస్తున్నది హోల్ట్ గ్రీముర్. గొర్రెలు ఈనుతున్నాయి, రాన్వేగ్ కొట్టంలో ఉంది. అది ఇంట్లో లేని వేళ చూసి నన్ను పిలిపించాడు. ఎయ్వింద్ మాటలు ఎలా ఉన్నాయో అలాగే రాస్తాను. నేనేదైనా అంటే బ్రాకెట్లో పెట్టి రాస్తాను.

స్వావా, నేను లేస్తున్నాను. మూడు రోజులు పడుకున్నాను, నడుము నొప్పెట్టి లేచాను. గాలి పని వీడికి పోతోంది. వీడికి గాలి కొలవడం రాదు. (వస్తుంది. — గ్రీ.) ఇంకా పని మొదలే కాలేదు, అప్పుడే రోజూ ఫోను చేసి, "అమ్మా రాన్వేగ్, ఇది నాలుగా అయిదా" అని అడుగుతున్నాడు. (రెండు రోజులే అడిగాను. — గ్రీ.)

నీ పైలట్‌ని పడవ మీద రమ్మను. పై కొట్టం గోడ కట్టాలి. ఎనిమిది వేళ్ళు చాలు.

ఇప్పుడు చెప్పేది ఎవరికీ చెప్పలేదు. వీడికి ఇప్పుడే చెబుతున్నాను, కలం పట్టేవాడు ఇంకొకడు లేక.

కళ్ళు పోయాక గాలిని ఇంటి చప్పుళ్ళతో కొలుస్తున్నాను. ఆరు దాటితే ఉత్తరం కిటికీ మోగుతుంది. ఎనిమిదికి పొయ్యి పొగని లోపలికి కక్కుతుంది. ఫిబ్రవరి పదకొండున పొయ్యి దగ్గర కూర్చుని ఉన్ని దువ్వుతున్నాను. నా వెనక గోడ దూలం కదిలింది. ఆ దూలం కదలడం నా బతుకులో అంతకు ముందు ఒక్కసారే విన్నాను, మా నాన్న పోయిన రోజు. అంటే గాలి పదకొండు. రాన్వేగ్ తొమ్మిదంది, తక్కువ చెప్పింది. (పది. పదికి మించదు. — గ్రీ.)

అది లోపలికొచ్చి ఫోనులో అయిదు అనడం నేను విన్నాను. నాలుగడుగుల దూరంలో ఉన్నాను. చెయ్యెత్తితే చాలు, ఆగిపోయేది. ఎత్తలేదు. జనవరిలో దాన్ని చూసి వీళ్ళంతా నవ్వడం నా చెవులతో విన్నాను. అయిదు అంటే ఇవాళ నవ్వరు అనుకున్నాను. సంతోషించాను కూడా. దువ్వెన తీసుకుని మళ్ళీ ఉన్ని దువ్వుకున్నాను. ఆ రెండు గంటలూ దువ్వుకున్నాను.

తర్వాత అంతా తప్పు తనదే అనుకుంది. నన్ను కాపాడుతున్నానని కూడా అనుకుంది. నేను అనుకోనిచ్చాను. ఆట్లి పాదం తీసేటప్పుడు దీపం పట్టుకున్నది అది. నేను పక్క గదిలో కూర్చున్నాను, కళ్ళు లేనివాడికి అక్కడేం పని అని.

(ఆ పద్యం కట్టింది నేను. ఎవరూ అడగలేదు కానీ రాస్తున్నాను. — గ్రీ.)

ఈ మాట దానికి ఇవాళే చెబుతాను. వీడు వెళ్ళగానే చెబుతాను. వీడు మూడోసారి కాఫీ పోసుకున్నాడు, వెళ్ళడం లేదు.

(వెళ్ళను. రాన్వేగ్ కొట్టం నుంచి వస్తోంది, చంకలో ఒక గొర్రెపిల్ల ఉంది, కిటికీలోంచి కనపడుతోంది. వీడు ఆ మాట చెప్పేదాకా ఈ కుర్చీ వదలను. గుమ్మం దగ్గర బూట్లు విదులుస్తోంది. వీడు మెడ గుండీ పెట్టుకుంటున్నాడు. కలం కింద పెడుతున్నాను. — గ్రీముర్)